సెలైన్ గంట, లచ్చమ్మ నిద్ర

ఆసుపత్రి పరికరాలు తయారుచేసే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "అంకుల్, మీ రోజుల్లో డిజైన్ దేంట్లో గీసేవారు?" అని అడుగుతారు. గచ్చు మీద గీసేవాళ్ళం, చాక్‌పీసుతో. సాయంత్రం ఊడ్చే మనిషి వచ్చేలోపు ఆ వస్తువు తయారైపోవాలి, లేకపోతే డిజైన్ చెత్తబుట్టలోకి పోయేది. ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను, రాయదగ్గన్ని రాలేదు. పేటెంట్లు, టెండర్లు, తనిఖీల సంగతి చెప్పడానికి వేరే పెద్దలున్నారు. సెలైన్ సీసాకు కట్టిన ఒక చిన్న గంట గురించి మాత్రం చెబుతాను. ఈ వృత్తిలో నాకు తెలిసిన కాస్తంతా దాని దగ్గర నేర్చుకున్నదే.

రేకుల షెడ్డు

మా కార్ఖానా బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు. యజమాని వెంకటరత్నం గారిది తెనాలి. మొదట్లో ఆయన నీళ్ళ పంపులకు విడిభాగాలు చేసేవారు. ఎవరో డాక్టరు మిత్రుడు అడిగితే సెలైన్ స్టాండు చేసిచ్చారట. అది అటూఇటూ ఊగకుండా నిలబడిందని పేరొచ్చింది. అలా ఆసుపత్రుల వ్యాపారంలోకి దిగాం.

మా నాన్నగారు చర్చి సంఘంలో ఉపదేశి. నేను బైబిలు వాక్యం చదువుతూ అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. పొద్దున లేత్ మిషన్ ఆన్ చేసే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాణ్ణి. మా టర్నర్ ఖాదర్ భాయ్ బిస్మిల్లా అనేవాడు. వెంకటరత్నం గారు వచ్చి మిషన్‌కు కుంకుమబొట్టు పెట్టేవారు. ఇంతమంది ఇన్ని రకాలుగా దేవుడికి అప్పగించినా ఆ లేత్ కాస్త వంకరగానే తిరిగేది. దాన్ని బాగుచేయడానికి చివరికి స్పానరే కావాల్సి వచ్చింది. ప్రార్థన చేయండి, స్పానరు కూడా తెచ్చుకోండి. నా విశ్వాసానికి ఇందులో ఏ లోటూ కనబడలేదు.

గంటకు ముందు ల్యాబుల కోసం రక్తం గొట్టాలను మెల్లగా ఊపే యంత్రం ఒకటి చేశాం. కారు అద్దాలు తుడిచే వైపరు మోటారుతో చేసిన ఉయ్యాల అది. దానిలో పెడితే రక్తం గడ్డకట్టకుండా ఉండేది. కొన్నాళ్ళ తర్వాత ఎలా పనిచేస్తోందో చూద్దామని ఒక ల్యాబుకు వెళ్ళాను. ఉయ్యాల మీద ఒక పక్క రక్తం గొట్టాలు, ఇంకో పక్క టెక్నీషియన్ గారి మజ్జిగ సీసా ఊగుతున్నాయి. "సూపర్ సార్, గడ్డలే కట్టడం లేదు" అన్నాడాయన. దేన్ని గురించి అన్నాడో నేను అడగలేదు. మజ్జిగ సీసా మాత్రం తీయించి, ల్యాబులో తిండి పెట్టొద్దని నాలుగు చీవాట్లు వేసి వచ్చాను. మనం ఒక పని కోసం వస్తువు చేస్తాం. జనం దానికి ఇంకో పని చూసిపెడతారు. ఇది ముందే రాసి ఉంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

సుగుణమ్మ సిస్టర్ అడిగింది

అవి మాదాపూర్ బండల మధ్య హైటెక్ సిటీ లేస్తున్న రోజులు. ఎటు చూసినా క్రేన్లు, దుమ్ము. మధ్యాహ్నమైతే బండలు పేల్చేవాళ్ళు. అక్కడికి దగ్గరలోనే క్రైస్తవ సంఘంవాళ్ళు నడిపే ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. పరంజాల మీంచి పడిన కూలీలు ఎక్కువగా ఆ వార్డులోనే ఉండేవాళ్ళు. వార్డు పెద్ద సుగుణమ్మ సిస్టర్. భీమవరం వైపు మనిషి. ఆవిడ గొంతు వార్డుకు సరిపోగా గేటు దాకా మిగిలేది.

"దానియేలు గారూ, ఒక్క చిన్న పని చేసి పెట్టండి. సెలైన్ సీసా అయిపోతుంటే నాకు చెప్పేది ఏదైనా కావాలండి. చూసుకోకపోతే రక్తం గొట్టంలోకి ఎక్కేస్తుంది. అందుకని మనిషికొక మనిషి కూర్చుని సీసా వంకే చూస్తున్నారు. రోగులు కోలుకుంటున్నారు, చూసేవాళ్ళు పడిపోతున్నారండీ!"

అది నిజమే. ప్రతి మంచం పక్కనా ఒక భార్యో, అన్నో, తల్లో మెడ పైకెత్తి సీసాను చూస్తూ కనబడేవాళ్ళు. గుడికొచ్చిన భక్తులు కూడా అంత ఏకాగ్రతతో చూడరు.

నేను వెళ్ళి వెంకటరత్నం గారికి చెప్పాను. ఆయన ధ్యాస అప్పటికే మాదాపూర్ మీద పడింది. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తికమకపడతాయని, వాటిని సరిచేయడానికి మన పిల్లలే దిక్కని ఎవరో ఆయన చెవిలో వేశారు.

"ఇనుము కాలం అయిపోయిందండి దానియేలు గారూ. ఇక అంతా సాఫ్టే. షెడ్డును కంప్యూటర్ కోచింగుకు ఇచ్చేద్దామనుకుంటున్నానండి. మిమ్మల్ని కోడింగులో పెడతాను."

"మరి ఖాదర్ భాయ్?"

"గేటు దగ్గర ఉంటాడండి. నమ్మకస్తుడు."

మిల్లింగ్ మిషన్ వెనక నుంచి ఖాదర్ భాయ్ తల బయటపెట్టాడు. "క్యా సాబ్, ఇన్నేళ్ళు ఇనుము కోసినోణ్ణి గేటు కాడ నిలబెడ్తరా? నేను నిలబడ్తె గేటే భయపడ్తది!"

చివరికి ఆయన ఒక మెట్టు దిగారు. "ఈస్టరుకు ముందొచ్చే మీ మట్టల ఆదివారం దాకా చూస్తానండి. ఎలాగూ ఆ వారం మీరు సెలవు అడుగుతారు. ఈలోగా ఆ సిస్టర్ గారు గంటను ఉంచుకుంటానని నోటితో చెప్పాలి. చెప్పకపోతే కోచింగే." అంటే నా పని, ఖాదర్ భాయ్ పని, షెడ్డులో ఇంకో నలుగురి పని ఆ గంటకు వేలాడుతున్నాయన్నమాట.

పాట

పాత పేపర్లు కొనేవాడి చేతిలో స్ప్రింగు తక్కెడ చూసే ఉంటారు. గంట కూడా అంతే. సీసా నిండుగా ఉంటే బరువుకు స్ప్రింగు సాగి ఉంటుంది. ఖాళీ అవుతున్న కొద్దీ పైకి లేస్తుంది. చివర్లో ఒక రాగిరేకుకు తగిలి మోత మొదలవుతుంది. మేం చేసినదాంట్లో తెలివి ఇంతకుమించి లేదు.

అయితే నేను అక్కడితో ఆగలేదు. రోగుల దగ్గర కర్ణకఠోరమైన మోత ఎందుకు, మనసుకు ఓదార్పుగా ఉండాలి కదా అనుకున్నాను. కోఠిలో క్రిస్మస్ నక్షత్రాల్లో పెట్టే పాట చిప్పులు అమ్మేవాళ్ళు. వాటిలో నాకు ప్రాణమైన రాగం ఒకటి దొరికింది. మా సంఘంలో ఆదివారం ఆరాధన ముగింపులో పాడేవాళ్ళం. ఆ రాగం వినగానే లేచి నిలబడటం, ఆశీర్వాదం అందుకోవడం, ఇంటికెళ్ళి కోడికూర తినడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటు. అంతకన్నా ఓదార్పు ఏముంటుంది?

మొదటి గంట రూబేను మాస్టారి స్టాండుకు బిగించాం. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, సుగుణమ్మ సిస్టర్ సంఘానికే చెందినవారు. సీసా అయిపోవచ్చింది. నా రాగం తియ్యగా మొదలైంది.

సిస్టర్ మాత్రలు పంచుతున్న పళ్ళెం కింద పెట్టేసి తలవంచి నిలబడిపోయారు. ఇద్దరు చిన్న నర్సులూ ఆవిడ వెనకే నిలబడ్డారు. మాస్టారి మరదలు కొంగు నోట్లో కుక్కుకుని "అయ్యో బావగారూ!" అని ఘొల్లుమంది.

మాస్టారు కళ్ళు తెరిచారు. "ఎవరు పోయారమ్మా?"

"మీరేనేమో అనుకున్నామండి" అంది చిన్న నర్సు.

"నేనింకా బయల్దేరలేదు!" అని మాస్టారు లేచి కూర్చున్నారు. మూడు రోజులుగా ఆయన్ని లేపి కూర్చోబెట్టాలని ఫిజియోథెరపిస్టు ప్రయత్నిస్తున్నాడట.

అసలు సంగతి ఏమిటంటే, మా సంఘంలో ముగింపుకు పాడే రాగాన్ని వాళ్ళ సంఘంలో సమాధి దగ్గర, పెట్టెను గుంటలోకి దించేటప్పుడు పాడతారట. ఒకే ప్రభువు, ఒకే రాగం. మాకది కోడికూర వేళ, వాళ్ళకు మట్టి వేసే వేళ. నా ఆదివారం అందరి ఆదివారం అనుకున్నాను.

"పాటలొద్దండి బాబూ, నాకు బతికున్నవాళ్ళతో పని" అన్నారు సిస్టర్. చిప్పు తీసేసి మామూలు బ్యాటరీ గంట పెట్టాం. రేకు తగిలినంతసేపూ మోగుతుంది, వదిలితే ఆగుతుంది. మధ్యాహ్నం బండలు పేల్చినప్పుడు స్ప్రింగు అదిరి అదీ ఒకసారి 'టింగ్' అనేది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అరటిపండ్లు

రెండో గంట నర్సింహ మంచానికి పెట్టాం. నర్సింహ పాలమూరు మనిషి, సెంట్రింగ్ పనిచేస్తూ రెండో అంతస్తు నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. పుండు చీము పట్టడంతో రోజూ సీసాలు ఎక్కించాల్సి వచ్చేది. పక్కనే అతని భార్య లచ్చమ్మ. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండేవి. ఊళ్ళో ఏదో దవాఖానాలో తన తమ్ముడికి రక్తం గొట్టంలోకి ఎక్కితే, నర్సు వచ్చి "కండ్లు లేవా నీకు?" అని ఈమెనే తిట్టిందట. అప్పటి నుంచి సీసా ఎక్కడ కనబడినా ఆమె కళ్ళు వాలవు.

సీసా తగిలించే కొక్కేన్ని నేను ముచ్చటపడి చేయించాను. ఖాదర్ భాయ్ నికెల్ పూత వేయించాడు. పెద్దగా, వంపుగా, తళతళలాడుతూ ఉండేది. అంత చక్కటి కొక్కేన్ని ఖాళీగా చూస్తూ ఊరుకునే ప్రాణి మన దేశంలో ఇంకా పుట్టలేదు. నర్సింహతో పనిచేసేవాళ్ళు చూడటానికొచ్చి, తెచ్చిన అరటిపండ్ల సంచీని సీసా పక్కనే ఆ కొక్కేనికి తగిలించిపోయారు. సీసా ఖాళీ అయింది, అరటిపండ్లు ఖాళీ కాలేదు. పండ్ల బరువుకు స్ప్రింగు సాగే ఉంది. గంట నోరెత్తలేదు.

నోరెత్తింది లచ్చమ్మ. "ఓ సిస్టరమ్మా, రక్తం ఎక్కుతున్నదీ!"

సిస్టర్ పరుగున వచ్చి గొట్టం మూసి కొత్త సీసా తగిలించారు. ప్రమాదమేమీ జరగలేదు. మర్నాడు నేను వెళ్ళేసరికి లచ్చమ్మ నా కోసమే కాచుకుని ఉంది.

"ఏంది సారూ, గిదేనా నీ గంట? మొన్నటిదాంక సీసానొక్కటే జూసెడిదాన్ని. ఇగ సీసానూ జూడాలె, నీ గంటనూ జూడాలె. ఒక పేషంటును పట్టుకొని కూసుంటే ఇద్దర్ని జేసినవు!"

మంచం మీద నుంచి నర్సింహ నవ్వాడు. "దానికేమన్న పండ్లు పెట్టు, తింటదేమో."

"నువ్వు నవ్వకు, నీ కాలు నవ్వుతలేదు" అందామె.

సిస్టర్ నన్ను పక్కకు పిలిచారు. "చూడండి, మీ యజమాని గారికి నేను ఏం చెప్పాలన్నా ఒక్కటే గుర్తు. ఆ లచ్చమ్మ సీసా వంక చూడటం మానేసి ఎప్పుడు కన్ను మూస్తుందో, అప్పుడు మీ గంట పనిచేసినట్టు. అప్పటిదాకా నన్నేం అడక్కండి."

మట్టల ఆదివారం ఇంకో వారముంది.

తోమా

కొక్కేన్ని తేలిగ్గానే సరిచేశాం. ఖాదర్ భాయ్ తిట్టుకుంటూనే నికెల్ కొక్కెం కోసేసి, సీసా మెడ తప్ప ఇంకేమీ దూరని ఒక వికారమైన ఇనుప ముడి చేశాడు. "ఇగ దీనికి దారం పోగు గూడ తగలదు సాబ్. నా చేతులతోని ఇంత గలీజ్ పని ఎప్పుడు చెయ్యలే" అన్నాడు. ఆసుపత్రి వస్తువు అందంగా ఉంటే దానిమీద ఏదో ఒకటి వేలాడుతుంది. ముడి వికారమైనదే గానీ పదిలమైనది.

కష్టమంతా లచ్చమ్మతోనే. ముడి చూపించాను. స్ప్రింగు చూపించాను. రాగిరేకు, బ్యాటరీ, తీగ అన్నీ విప్పి చూపించి, ఇది తప్పకుండా మోగుతుందని వివరించాను. ఆమె శ్రద్ధగా వింది, తలూపింది, మళ్ళీ సీసా వైపు తిరిగి కూర్చుంది.

తిరుగుదారిలో ఖాదర్ భాయ్ స్కూటర్ వెనక నుంచి అన్నాడు. "సాబ్, బురా మానొద్దు. మీరు గంట గురించి చెప్తలేరు, చర్చిల చెప్పినట్టు చెప్తున్రు. నమ్ము, నమ్ము అంటున్రు. ఆమె మీ గంటకు బాప్తిస్మం తీసుకుంటదా?"

నాకు కోపం వచ్చింది. ఇంటికెళ్ళేసరికి కోపం పోయి ఆలోచన వచ్చింది. నేను చాలా ఏళ్ళు ఆదివారబడిలో పిల్లలకు చెప్పాను. ప్రభువు శిష్యుల్లో తోమా పాఠం వచ్చినప్పుడల్లా ఆయన్ని కాస్త చిన్నబుచ్చి చెప్పేవాణ్ణి. ప్రభువు తిరిగి లేచాడంటే, గాయంలో వేలు పెట్టి చూస్తేనే నమ్ముతానన్నాడు చూశారా పిల్లలూ, మీరలా ఉండకూడదు అని. చూడక నమ్మడం దేవుడి ముందు గొప్పే. దానికి నేనిప్పటికీ కట్టుబడి ఉన్నాను. కానీ స్ప్రింగు దేవుడు కాదు. కునుకు తీయని కాపరి పనిని బ్యాటరీకి అప్పగించి, దాన్ని కూడా చూడక నమ్మమని ఆమెను అడుగుతున్నాను. పైగా ప్రభువు తోమాను కోప్పడి పంపలేదు. చెయ్యి ఇటు చాపమన్నాడు. అన్నేళ్ళు చెప్పినా ఆ పాఠంలో ఆ సగం నాకు కనబడలేదు.

మర్నాడు వెళ్ళి, "లచ్చమ్మా, చెయ్యి పెట్టి సీసాను కింది నుంచి కొంచెం లేపి చూడు" అన్నాను.

లేపింది. బరువు తేలికై స్ప్రింగు పైకి లేచి 'టింగ్' అంది. వదిలితే ఆగింది. మళ్ళీ లేపింది. టింగ్. వార్డు ఆ చివర నుంచి సిస్టర్ పరుగెత్తుకొచ్చారు.

"ఎవరే అది? సీసా నిండుగా ఉందిగా!"

"నేనే సిస్టరమ్మా. ఉన్నదో లేదో జూసిన."

"ఏది?"

"గంట. నువ్వు గూడ."

సిస్టర్ నా వైపు చురచుర చూశారు. రెండు రోజులు ఆవిడ ప్రాణం తీసింది లచ్చమ్మ. టింగ్, పరుగు. టింగ్, పరుగు. మూడో రోజుకు ఆవిడకు తేడా పట్టుబడింది. ఒక్కసారి టింగంటే లచ్చమ్మ, ఆగకుండా మోగితే సీసా. ఇక లేవడం మానేసి, కూర్చున్న చోటు నుంచే కేకేసేవారు.

టింగ్.

"ఆఁ, ఉన్నానే లచ్చమ్మా!"

అంతే. లచ్చమ్మ కాసేపు గోడకు జారగిలబడేది. మళ్ళీ టింగ్. మళ్ళీ "ఉన్నానే!" రాగిరేకు, బ్యాటరీ గురించి నేను చెప్పిన పాఠమంతా ఆమెకు అక్కర్లేదని అప్పుడు తెలిసింది. గంట వినబడే చోట ఒక మనిషి మేలుకుని ఉందా లేదా అన్నదొక్కటే ఆమెకు కావాలి. టింగులు నెమ్మదిగా దూరమవుతూ వచ్చాయి. కళ్ళు మాత్రం ఇంకా సీసా మీదే ఉన్నాయి.

మట్టల ఆదివారం ముందు రోజు

శనివారం మధ్యాహ్నం నేనూ ఖాదర్ భాయ్ వెంకటరత్నం గారిని తీసుకుని వెళ్ళాం. ఆయన కొత్త బూట్లు వేసుకొచ్చారు. ఆసుపత్రి నుంచి అటే కోచింగువాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట ఇచ్చేయాలని ఆయన ఆలోచన. అడుగు తీసి అడుగు వేస్తే బూట్లు కిర్రుమంటున్నాయి. ఖాదర్ భాయ్ ముఖం అప్పటికే గేటు దగ్గర నిలబడ్డట్టుంది. నేను లోపల్లోపల ప్రార్థన చేసుకుంటున్నాను. ఏమని అడగాలో తెలియలేదు. ప్రభువా, ఆమెకు నిద్ర రానివ్వు అని మాత్రం అన్నాను.

మేం వార్డు గుమ్మంలో ఉండగానే బయట బండలు పేల్చారు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. నర్సింహ మంచం దగ్గర గంట అదిరి 'టింగ్' అంది.

"ఆఁ, ఉన్నానే లచ్చమ్మా!" అన్నారు సిస్టర్, తల ఎత్తకుండానే. తర్వాత అనుమానం వచ్చి తలెత్తారు.

లచ్చమ్మ మంచం కింద కొంగు పరుచుకుని పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. సన్నగా గురక వస్తోంది. నర్సింహ వేలు పెదవుల మీద పెట్టుకుని మమ్మల్ని చూస్తున్నాడు.

అంతలో సీసా అయిపోవచ్చింది. గంట మోగడం మొదలుపెట్టి ఆగలేదు. సిస్టర్ లేచారు, నడిచి వచ్చారు, పాత సీసా తీసి కొత్తది తగిలించారు. గంట ఆగిపోయింది. లచ్చమ్మ ఒక్కసారి పక్కకు ఒత్తిగిల్లి మళ్ళీ గురక అందుకుంది.

వెంకటరత్నం గారు నా చెవి దగ్గర, ఆయన లెక్కలో గుసగుసగా, వార్డంతా వినబడేలా అన్నారు. "అంతసేపు మోగింది కదండీ, ఆవిడ లేవదేం? అంటే పనిచెయ్యనట్టేగా?"

"ష్!" అన్నారు సిస్టర్. "మోగింది నాకండి. నేను లేచానుగా."

ఆయన సీసా వైపు చూశారు, మంచం కిందికి చూశారు. "అయితే సిస్టర్ గారూ, దీన్ని ఉంచమంటారా, తీసుకెళ్ళమంటారా?"

"తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఆమెను లేపి ఆ సంగతి మీరే చెప్పండి. నేను చెప్పలేను."

నర్సింహ మెల్లగా అన్నాడు. "వద్దు సారూ, దాన్ని లేపకుండ్రి. నేను కింద పడ్డ కాన్నుంచి ఇయ్యాలనే పండుకుంది."

వెంకటరత్నం గారు వంగి బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నారు. మేజోళ్ళతో, మునివేళ్ళ మీద, వార్డు దాటుకుంటూ బయటికి నడిచారు. వెనక నేను, నా వెనక చెప్పులు చంకలో పెట్టుకుని ఖాదర్ భాయ్.

గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ ఆయన అన్నారు. "కోచింగు వాళ్ళకు కింద ఎందుకులెండి దానియేలు గారూ. మేడమీద ఇద్దాం."

మా రేకుల షెడ్డుకు మేడ లేదు. ఖాదర్ భాయ్ నోరు తెరవబోతే కాలు తొక్కాను.